ఎవరి కొలత? ఎవరి ర్యాంకు?

ఉప్పల్ రింగు రోడ్డు కాడ నిలబడి నాలుగు దిక్కులా చూడండి. ఎటు చూసినా ర్యాంకులే. కాలేజీల ఫ్లెక్సీలు, నవ్వుతున్న మొహాలు, పెద్ద పెద్ద అంకెలు. ఆ ఫ్లెక్సీల కిందనుంచే పొద్దున్నే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు డ్యూటీకి పోయే తల్లిదండ్రులు నడిచిపోతుంటారు. ఫ్లెక్సీ మీద వాళ్ల పిల్లల ఫొటో వుండదు. వాళ్లు అప్పుచేసి కట్టిన ఫీజు మాత్రం ఆ ఫ్లెక్సీ ఖర్చులో వుంటది.

ఆ బస్తీల పిల్లలు ఇప్పుడు గట్టిగానే అడుగుతున్నారు. "ఈ ర్యాంకులు ఎవరిచ్చిన్రు? ఏం చూసి ఇచ్చిన్రు? మా కాలేజీకి ర్యాంకొస్తే మాకేమొచ్చింది?" అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు వెతుకుదాం.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అనే ర్యాంకుల పద్ధతి పెట్టింది. 2016 ఏప్రిల్‌లో మొదటి జాబితా వచ్చింది. యూనివర్సిటీలకు, ఇంజినీరింగు కాలేజీలకు నూరు మార్కుల్లో బోధనకూ వసతులకూ 30, పరిశోధనకు 30, పాసై బయటపడ్డవాళ్ల ఫలితాలకు 20, పేరు ప్రతిష్ఠలకు 10. మిగిలిన 10 "అందరికీ చోటు" అనే పద్దుకు. మనం వుండేది ఈ చివరి పద్దులోనే. అందులోనూ ఇతర రాష్ట్రాల, ఇతర దేశాల విద్యార్థులకు 3 మార్కులు. ఆడపిల్లలకు, మహిళా అధ్యాపకులకు 3. వికలాంగుల వసతులకు 2. పేద, వెనకబడ్డ కులాల విద్యార్థులకు 2.

నూటికి రెండు! బయటి రాష్ట్రం నుంచి వచ్చిన డబ్బున్న పిల్లవాడికి ఇచ్చిన విలువ కూడా మన పిల్లకు ఇయ్యలేదు. మన కులాల నుంచి ఎంతమంది ప్రొఫెసర్లున్నారు అన్నదానికైతే ప్రత్యేకంగా ఒక్క మార్కూ లేదు. పేరు ప్రతిష్ఠలకు మాత్రం పది. ప్రతిష్ఠ ఎవరికుంటది? తరతరాలుగా ఎవరికుందో వాళ్లకే వుంటది.

ఈ కొలత ఏం చూడదో హైదరాబాదే చూపించింది. 2015 డిసెంబరులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి బహిష్కరించింది. వాళ్లు చలిలో ఆరుబయట వెలివాడ కట్టుకుని కూర్చున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. మూడు నెలలు తిరగకముందే మొదటి ర్యాంకుల జాబితా వచ్చింది. ఆ యూనివర్సిటీకి దేశంలోని యూనివర్సిటీలన్నిటిలో నాలుగో ర్యాంకు! వెలివాడకు ఆ లెక్కలో మైనస్ మార్కు లేదు. అసలు ఆ గడే లేదు.

లెక్కలైనా నిజమా అంటే అదీ అనుమానమే. కాలేజీ తన లెక్క తానే రాసి పంపుతది. ఈ అంకెల మీద అనుమానంతో వేసిన కేసులో మద్రాసు హైకోర్టు మదురై బెంచి 2025 మార్చిలో ర్యాంకుల ప్రకటనను కొంతకాలం ఆపింది. తర్వాత అడ్డు తొలిగింది, సెప్టెంబరులో జాబితా వచ్చింది. గ్రేడ్లిచ్చే న్యాక్ సంగతి చూస్తే, గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచాలు తీసుకున్నారనే ఆరోపణ మీద 2025 ఫిబ్రవరిలో సీబీఐ తనిఖీ కమిటీ వాళ్లనే అరెస్టు చేసింది.

ఇక ప్రభుత్వాల సంగతి. మన పక్కనే తార్నాక దాటితే ఉస్మానియా వుంది. అక్కడ రెగ్యులర్ అధ్యాపకుల పోస్టులు ఏళ్లకేళ్లు నింపలేదు. అధ్యాపకులు తగ్గితే మార్కులు తగ్గుతయి. కాళ్లు విరగ్గొట్టి పరుగుపందెం పెట్టినట్టు! ఇంకోవైపు 2018లో రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీల చట్టం తెచ్చారు. స్థానికులకు 25 శాతం సీట్లన్నారు గాని ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ల ఊసెత్తలేదు. రేపు అవి ర్యాంకుల్లో పైకి పోతే "చూడండి, మెరిట్" అంటారు.

"ర్యాంకు చూడకపోతే దేన్ని చూసి చేర్పించాలె?" అని ఒక తల్లి అడిగితే ఆమెను తప్పుపట్టలేం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్లకు దారి చెప్పేవాళ్లు లేరు. అందుకే ర్యాంకును నమ్మొద్దు అని ఊరుకుంటే సరిపోదు. దాన్ని విప్పి చూడటం నేర్చుకోవాలె.

ఎన్.ఐ.ఆర్.ఎఫ్.కు పోయిన ప్రతి కాలేజీ తాను పంపిన లెక్కను తన వెబ్‌సైట్‌లో పెట్టాలె. అందులో అధ్యాపకుల పేర్లుంటయి. వెనకబడ్డ కులాల విద్యార్థులెందరు, ఎంతమందికి పూర్తి ఫీజు తిరిగొచ్చింది, ఎందరు సకాలంలో పాసైన్రు, ఎందరికి ఉద్యోగమొచ్చింది అన్నీ వుంటయి. విద్యార్థులారా, ఆ కాగితం తియ్యండి. పేరున్న సారు క్లాసుకొస్తున్నడా? ఉద్యోగమొచ్చిందన్న అక్క నిజంగా ఉద్యోగం చేస్తున్నదా? మీ కళ్లతో సరిచూడండి. తేడా వుంటే రాతపూర్వకంగా అడగండి.

కార్యకర్తలారా, మన బస్తీల్లో మన కొలత మనం తయారుచేద్దాం. చేరిన మన పిల్లల్లో చివరి సంవత్సరం దాకా ఎందరు మిగిలారు? మనవాళ్లు ఎందరు పాఠం చెప్తున్నారు? స్కాలర్‌షిప్పు రాలేదని సర్టిఫికెట్లు ఆపుతున్నారా? కులం పేరుతో అవమానిస్తే ఫిర్యాదు తీసుకునే మనిషి వున్నాడా? యూజీసీ 2012లోనే ఆ మనిషిని పెట్టమని రూలు చేసింది. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి, అడ్మిషన్ల ముందు ప్రతి గల్లీలో అంటించుదాం.

ఈ హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడులు పెట్టినప్పుడు ఏ ర్యాంకూ లేదు. బడిలోకి రానివ్వని పిల్లలు ఎందరు లోపలికి వచ్చారన్నదే కొలత. వందేళ్లు దాటినా మనకు అదే కొలత. మనల్ని బయట నిలబెట్టిన కాలేజీకి ఎన్నో ర్యాంకొచ్చినా, మన లెక్కలో అది ఫెయిలే.