ప్రయాణంలో గేమ్ ఆడండి, కానీ దిగేసరికి ఛార్జింగ్ మిగలాలి

మాది కోదాడ. జాబ్ హైదరాబాద్‌లో. శుక్రవారం సాయంత్రం ఎల్బీ నగర్‌లో బస్సెక్కితే, ఎన్‌హెచ్ 65 మీద సూర్యాపేట దాటి ఇంటికి చేరడానికి ట్రాఫిక్‌ని బట్టి నాలుగైదు గంటలు పడుతుంది. అమ్మమ్మ వాళ్లది మిర్యాలగూడ. అక్కడికైతే సికింద్రాబాద్‌లో గుంటూరు లైన్ రైలు ఎక్కుతా. బస్సైనా రైలైనా టైంపాస్ మాత్రం ఒకటే: ఫోన్‌లో గేమ్.

ఒకసారి ఎల్బీ నగర్ నుంచే ఒక బ్యాటిల్ రాయల్ గేమ్ మొదలుపెట్టా. హై గ్రాఫిక్స్, ఫుల్ బ్రైట్‌నెస్, మొబైల్ డేటా ఆన్. సూర్యాపేటలో టీ కోసం బస్సు ఆగేసరికి 9% ఉంది. "ఇంకొక్క మ్యాచ్" అనుకున్నా. తర్వాత ఫోన్ ఆఫ్. దారిలో ట్రాఫిక్ జామ్ అయి కోదాడలో దిగేసరికి అర్ధరాత్రి దాటింది. బస్టాండ్‌లో నాన్న బండి పక్కన నిలబడి ఉన్నాడు. గంటన్నర నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడట. "ఫోనెందుకు కలుస్తలేదురా?" అన్నాడు. గేమ్ ఆడి ఛార్జింగ్ అవగొట్టానని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పటి నుంచి నా అభిప్రాయం ఒక్కటే. మనం గేమ్‌కి గ్రాఫిక్స్, ఎఫ్‌పీఎస్ చూసి మార్కులు వేస్తాం. ఇంట్లో ఆడేదానికి అది కరెక్టే. ప్రయాణంలో మాత్రం ఫోనే టికెట్, ఫోనే పర్సు, ఇంటికి కాల్ చేయాలన్నా ఫోనే. అందుకే దిగేసరికి ఎంత ఛార్జింగ్ మిగిల్చిందన్నదే అక్కడ అసలు మార్కు.

"పవర్ బ్యాంక్ ఉంది కదా బ్రో" అంటారా? ఛార్జింగ్ పెట్టి హెవీ గేమ్ ఆడితే ఫోన్ వేడెక్కుతుంది. వేడెక్కితే ఛార్జింగ్ స్పీడూ తగ్గుతుంది, గేమూ ల్యాగ్ అవుతుంది. పైగా హైవే మీద సిగ్నల్ వీక్‌గా ఉన్నచోట నెట్‌వర్క్ కోసమే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఈ మూడు చెక్ చేయండి:

1. మొబైల్ డేటా, వైఫై ఆపి గేమ్ ఓపెన్ చేయండి. "ఆఫ్‌లైన్" అని పేరు పెట్టుకుని లాగిన్ దగ్గరే ఆగిపోయేవి చాలా ఉన్నాయి. ప్రయాణంలోనూ డేటా ఒక్కటే ఆపండి, ఏరోప్లేన్ మోడ్ వద్దు. డేటా ఆపినా కాల్స్ వస్తాయి.
2. అరగంట ఆడి, ముందూ తర్వాతా బ్యాటరీ శాతం రాసుకోండి.
3. మధ్యలో ఫోన్ లాక్ చేసి మళ్లీ తెరవండి. ఆట ఆపినచోటే ఉండాలి.

నా ఫోన్‌లో ఉన్నవి ఇవీ. లిచెస్: 2010లో మొదలైన ఓపెన్ సోర్స్ చెస్. పూర్తిగా ఫ్రీ, యాడ్స్ లేవు, నెట్ లేకుండా కంప్యూటర్‌తో ఆడొచ్చు. సైమన్ టాథమ్ పజిల్స్: ఒకే యాప్‌లో పదుల కొద్దీ చిన్న పజిల్స్, ఇదీ ఫ్రీనే. మినీ మెట్రో: డబ్బులు పెట్టి కొనాలి, కానీ ఎప్పుడంటే అప్పుడు పాజ్ చేయొచ్చు. మిర్యాలగూడ రైల్లో చుట్టాల పిల్లలు తోడుంటే లూడో కింగ్‌లో పాస్ అండ్ ప్లే. నలుగురికీ ఒకే ఫోన్ చాలు, మిగతా మూడు ఫోన్లూ జేబులోనే ఉంటాయి.

1997లో నోకియా 6110తో వచ్చిన స్నేక్ నెట్ అడగలేదు, యాడ్ చూపించలేదు. అయినా టైంపాస్ కాలేదని ఎవరూ అనలేదు.

ఇప్పుడు సూర్యాపేటలో బస్సు ఆగగానే ముందు బ్యాటరీ చూస్తా. 30% కంటే తక్కువుంటే గేమ్ బంద్. నాన్నకి ఫోన్ చేసి "సూర్యాపేట దాటుతున్నా" అని చెప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటా.