ఒక్క గిన్నె ఆదివారం

ఈ వారం మీకో వంట సంగతి చెబుతాను. కావలసిన పదార్థాలు, తయారుచేసే విధానం మాత్రం అడక్కండి. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

హిట్లర్ జర్మనీలో 1933 జనవరి 30న గద్దెనెక్కాడు. అదే ఏడాది అక్టోబర్ 1, ఆదివారం నాడు ఆ దేశపు ఇల్లాళ్ళకి ఒక కొత్త పద్ధతి మొదలైంది. అక్టోబర్ నుంచి మార్చి దాకా, చలికాలం నెలల్లో, నెలకో ఆదివారం ఇంటిల్లిపాదీ ఒక్క గిన్నెలో వండిందే తినాలి. బంగాళాదుంపలు, క్యాబేజీ, కేరట్, కాస్త మాంసం... ఏవి ఉంటే అవి కలిపి ఉడికించడమే. దాన్ని వాళ్ళు ‘ఐన్‌టోఫ్’ అంటారు. భోజనం ఖర్చు యాభై ఫెనిగ్‌లు దాటకూడదన్నారు. మామూలు ఆదివారం భోజనానికి అయ్యే ఖర్చులో మిగిలిన డబ్బు బీదవాళ్ళ చలికాలపు సహాయనిధికి ఇచ్చెయ్యాలి. వసూలు చేసేవాళ్ళు గుమ్మంలోకే వచ్చేవారు.

ఇందులో తప్పేముంది అంటారా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఒకపూట పప్పన్నంతో సరిపెట్టుకుని బీదవాళ్ళకి నాలుగు రూపాయలివ్వమంటే మనం మాత్రం కాదంటామా? పత్రికలు కూడా ఒక్క గిన్నెలో ఎన్ని రకాలు చెయ్యొచ్చో వంటకాలు వేసేవి. అచ్చం మన వంటల పేజీ లాంటి పేజీలే! అందుకే ఈ సంగతి చదివినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు.

గుమ్మంలో చందా పుస్తకం పట్టుకుని నిలబడితే మనం ఏం చేస్తాం? ముందు పక్కింటివాళ్ళు ఎంత రాశారో చూస్తాం. తర్వాత మనది రాస్తాం. అక్కడా అంతే. కాకపోతే ఇచ్చినవాళ్ళకి తలుపుకి అంటించుకునే గుర్తు ఒకటి ఇచ్చేవారు. గుర్తు లేని తలుపు ఎవరిదో వీధి వీధంతా చూసేది. పైగా ప్రతి కొన్ని పదుల ఇళ్ళకీ పార్టీ మనిషి ఒకడు ఉండేవాడు. ఎవరు ఏమంటున్నారు, ఎవరు జెండా కట్టలేదు అని కనిపెట్టుకుని ఉండటమే అతని పని. దయతో ఇచ్చే డబ్బు భయంతో ఇచ్చే డబ్బు అయిపోయింది. ఇక 1935 చలికాలం నుంచి ఆ నిధిలో యూదులకి చోటు లేకుండా చేశారు. వాళ్ళ బీదలని వాళ్ళే చూసుకోవాలన్నారు. వంట అదే, గిన్నె అదే. ఆకలితో ఉన్న ఒక ఇంటిని మాత్రం లెక్కలోంచి తీసేశారు. వండేవాళ్ళు ఎప్పటిలాగే వండారు.

అన్నీ ఒక్కరోజులో జరిగి ఉంటే ఎవరైనా కెవ్వుమనేవాళ్ళే. మెల్లమెల్లగా జరిగాయి. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాల ముందు యూనిఫారం వేసుకున్న పార్టీ కుర్రాళ్ళు నిలబడి, ఇక్కడ కొనద్దన్నారు. ఆ ఒక్కరోజే కదా అనుకున్నారు జనం. 1935 సెప్టెంబర్‌లో ఇంకో చట్టం వచ్చింది. యూదుల ఇళ్ళల్లో 45 ఏళ్ళలోపు జర్మన్ ఆడవాళ్ళు పనిచెయ్యకూడదట! ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో గిన్నెలు తోమి, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు మూట సర్దుకోవలసి వచ్చింది. 1938 నవంబర్ 9 రాత్రి యూదుల గుళ్ళు తగలబెట్టారు, దుకాణాల అద్దాలు పగలగొట్టారు. తెల్లారి రోడ్డు మీది గాజు పెంకులు తొక్కుకుంటూ జనం పనులకి వెళ్ళారు. ప్రతిసారీ, నిన్నటికన్నా ఇది కొంచెమే ఎక్కువ అనిపించింది. ఆ కొంచెం దగ్గర ఎవరు గొడవ పడతారు చెప్పండి?

గెస్టాపో అనే రహస్య పోలీసుల పేరు వినే ఉంటారు. వీధికి పదిమంది ఉండేవాళ్ళని మనం అనుకుంటాం. వుర్జ్‌బర్గ్ అనే ఊళ్ళో వాళ్ళ కాగితాలు కాలిపోకుండా మిగిలాయి. చరిత్రకారులు వాటిని తిరగేశారు. ఎనిమిది లక్షల పైచిలుకు జనం ఉన్న ఆ ప్రాంతానికి గెస్టాపోవాళ్ళు ముప్పై మంది కూడా లేరు! మరి అన్ని సంగతులు వాళ్ళకెలా తెలిశాయి? ఇరుగుపొరుగే చెప్పారు. పాత తగాదా ఉన్నవాళ్ళు, పక్కవాటా మీద కన్నుపడ్డవాళ్ళు, కడుపుమంట ఉన్నవాళ్ళు... బావి దగ్గర చెప్పుకునే చాడీలే. అక్కడ మాత్రం ఆ చాడీ మనిషి ప్రాణం తీసింది.

ఇంకోటి చెబుతాను, ఇది చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1941 అక్టోబర్ నుంచి జర్మనీలోని యూదుల్ని రైళ్ళల్లో తూర్పుకి పంపడం మొదలెట్టారు. వాళ్ళు వదిలివెళ్ళిన ఇళ్ళల్లో సామానుంటుంది కదా. దాన్ని వేలం వేశారు. హాంబర్గ్ రేవులో ఓడలకొద్దీ సామాను దిగింది. బల్లలు, కుర్చీలు, దుప్పట్లు, గిన్నెలు. కొనడానికి మామూలు సంసారులే వచ్చారు. యుద్ధం రోజులు, బజార్లో ఏమీ దొరకదు, ఇక్కడ చవక. ఆ దుప్పటి ఎవరు కప్పుకున్నదో, ఆ గిన్నెలో ఎవరు పిల్లలకి పాలు కాచారో అడిగినవాళ్ళు ఎంతమంది? ఆ పిల్లలు మళ్ళీ రాలేదు. యుద్ధం ముగిసేసరికి యూరప్‌లో దాదాపు అరవై లక్షల మంది యూదుల్ని చంపేశారు.

అదే హాంబర్గ్ నుంచి సుమారు 500 మంది పోలీసు బెటాలియన్ ఒకటి పోలండ్ వెళ్ళింది. చాలామంది నడివయసువాళ్ళు, పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు. 1942 జూలై 13న యూజెఫూఫ్ అనే ఊళ్ళో యూదుల్ని కాల్చమని ఆజ్ఞ వచ్చింది. చెయ్యలేమనే వయసువాళ్ళు పక్కకి రావచ్చని పై అధికారే చెప్పాడు. మొదట పక్కకి వచ్చినవాళ్ళు ఓ డజను మంది. మిగతావాళ్ళు ఎందుకు రాలేదు? తోటివాళ్ళ ముందు పిరికివాళ్ళమనిపించుకోవడం ఇష్టంలేక, అని చాలామంది విషయంలో తేలింది. నలుగురూ ఏమనుకుంటారో... ఈ మాట మనం రోజుకి ఎన్నిసార్లు అంటాం!

వాళ్ళు రాక్షసులు, మనం కాదు అని పేజీ తిప్పేద్దామనుకున్నాను. కానీ ఓ పాత సంగతి అడ్డొచ్చింది. కొన్నేళ్ళ కిందట మేం అద్దెకున్న చోట ఒకావిడ ఉంగరం పోయింది. పనిమనిషే తీసిందని అందరూ తీర్మానించి, ఎవరూ ఆమెని రానివ్వకూడదన్నారు. ఉంగరం పోయిందన్న ఆ వేళకి ఆ పిల్ల మా ఇంట్లో బట్టలుతుకుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. పదిమందిలో ఎందుకులే అని నోరు మూసుకున్నాను. వారం తర్వాత ఉంగరం వాళ్ళ బీరువా వెనకాలే దొరికింది. అప్పటికి ఆ పిల్ల ఊరొదిలి వెళ్ళిపోయింది. ఇది చిన్న విషయమే, దానికీ దీనికీ పోలికే లేదు. కానీ నోరు మూసుకోవడం అనేది నాకెంత తేలికో ఆ రోజు తెలిసింది.

నోరు తెరిచినవాళ్ళూ ఉన్నారు సుమండీ. ఆ 1933 ఏప్రిల్ 1నే బెర్లిన్‌లో యూలియె బోన్‌హోఫర్ అనే తొంభై ఏళ్ళ బామ్మగారు, కాపలా కుర్రాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళి, రోజూ కొనే దుకాణంలోనే సరుకులు కొనుక్కుని వచ్చారు. 1943 ఫిబ్రవరి చివర్లో బెర్లిన్ రోజెన్‌స్ట్రాసె వీధిలో ఒక భవనంలో యూదు మగవాళ్ళని నిర్బంధిస్తే, వాళ్ళ జర్మన్ భార్యలు చలిలో రోజుల తరబడి వీధిలో నిలబడి, మా భర్తల్ని మాకిచ్చెయ్యండని అరిచారు. వదలడానికి అసలు కారణమేమిటని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు అర్థమయింది ఒక్కటే, ఆ ఆడవాళ్ళని ఎవరూ కాల్చలేదు, వాళ్ళ భర్తల్లో ఎక్కువమంది ఇంటికొచ్చారు.

అందుకే ఈసారి గుమ్మంలోకి ఎవరైనా మంచిపని పేరుతో వస్తే, తప్పకుండా ఇవ్వండి. ఇస్తూ ఒక్క మాట అడగండి. ఇందులో ఎవరికి చోటు లేదు? ఎవరి గురించైనా నలుగురూ చేరి తీర్మానిస్తుంటే, మీకు తెలిసిన నిజం చిన్నదైనా సరే, అప్పుడే చెప్పెయ్యండి. తర్వాత చెబుదామంటే, వినవలసినవాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోతారు. నాకు అలాగే అయింది.

వచ్చేవారం మామూలుగా వంటింట్లోనే కలుద్దాం.