నోరులేని నేస్తాలు: డూడూ బసవన్న కాదు, చురుకైన చూపు కావాలి

సంక్రాంతి ముగ్గుల మధ్య గంగిరెద్దును చూసి మురిసిపోని తెలుగువారుండరు. సన్నాయి మోగుతున్నా, పిల్లలు చుట్టూ కేరింతలు కొడుతున్నా, దాని చెవి మాత్రం ఆడించేవాడి మాట మీదే ఉంటుంది. "అయ్యగారికి దణ్ణం పెట్టు" అంటే తల ఊపుతుంది. అయితే మనవాళ్ళు గడుసువాళ్ళు. అన్నిటికీ తల ఊపే మనిషిని "డూడూ బసవన్న" అని ఎగతాళి చేయడానికి కూడా ఆ ఎద్దునే వాడుకున్నారు. మాట వినడం వేరు, చురుకుగా ఉండడం వేరు అన్నమాట! కుక్కపిల్లను ప్రదర్శనకు తయారుచేయాలనుకునేవారు మొదట గ్రహించవలసింది ఈ తేడానే.

మస్కట్‌లో మన కుటుంబాలలో కుక్కలను పెంచేవారు కొందరున్నారు. సెలవులలో హైదరాబాదులోనో, చెన్నైలోనో డాగ్ షో చూసి వచ్చిన పిల్లలు "మన దాన్ని కూడా అలా నిలబెడదాం నాన్నా" అని వెంటపడతారు. వారికోసమే ఈసారి ఈ శీర్షిక.

కుక్కల పోటీలు కొత్తవేమీ కావు. 1859లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో వేటకుక్కలతో జరిగిన ప్రదర్శనతో ఇవి ఒక పద్ధతిలో మొదలయ్యాయి. ప్రసిద్ధమైన క్రఫ్ట్స్ ప్రదర్శన 1891లో ఆరంభమయింది. జడ్జి చూసేది ముఖ్యంగా ఒడ్డూ పొడుగూ, పళ్ళ వరుస, నడక, జాతి లక్షణాలు. కానీ ఒక్కొక్క కుక్కకు దక్కేది రెండు మూడు నిమిషాలే. ఆ కాస్త సమయంలో, మెడ నిలిపి, చెవులు ముందుకు పెట్టి, "ఈ నేల నాది" అన్నట్టు నిలబడిన కుక్క మీదే ఎవరి చూపైనా ఆగుతుంది.

చురుకుదనం అన్ని జాతులకూ ఒకేలా ఉండదు. మనం ఉంటున్న ఈ అరబ్బు నేల మీద పుట్టిన సలూకీనే చూడండి. ఎడారిలో డేగలతో పాటు వేటకు వెళ్ళిన ఈ కుక్కను అరబ్బులు మామూలు కుక్కలలో జమకట్టక, గౌరవంగా వేరుగా చూసుకున్నారు. 1895లో కొన్ని సలూకీలు ఇంగ్లండు చేరాయి. 1923లో అక్కడి కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. సలూకీ వాసన కంటే చూపుతో వేటాడుతుంది. కాబట్టి రింగులో అది గెంతులు వేయనక్కరలేదు. దూరాన ఏదో చూస్తున్నట్టు నిమ్మళంగా నిలబడితే అదే దాని అందం.

మనకూ అటువంటి చుట్టం ఒకటుంది, రాజపాళయం కుక్క. తమిళనాడులోని రాజపాళయం ఊరి రాజులు విజయనగర కాలంలో తెలుగుదేశం నుంచి వలసవెళ్ళినవారు, నేటికీ ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. తెల్లని ఒళ్ళు, గులాబిరంగు ముక్కు గల ఈ వేటకుక్క బొమ్మతో 2005లో మన తపాలాశాఖ స్టాంపు కూడా వేసింది. ఇది యజమానికి ప్రాణమిస్తుంది గాని కొత్తవారు తాకితే ఇష్టపడదు. ఇటువంటి జాతి పిల్లను ఉన్నట్టుండి జడ్జి చేతుల్లో పెడితే బిగుసుకుపోతుంది. బిగుసుకోవడాన్ని చురుకుదనం అనుకుని పొరబడేవారున్నారు. తోక కాళ్ళ మధ్యకు పోయినా, చెవులు వెనక్కి అతుక్కున్నా, మాటిమాటికీ ఆవులించినా, పెదవులు నాకినా, అది భయపడుతున్నదని అర్థం.

ఇక సాధన ఎలా? మూడు పూటలు తిండి తిన్నట్టు, రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు చాలు. ఉడికించిన కోడిమాంసం లేదా కాలేయం శనగగింజంత ముక్కలు చేసుకోండి. శాకాహారుల ఇళ్ళలో పనీరు ముక్క సరిపోతుంది. పిల్లను పిలవకండి, బెల్టు లాగకండి, ఊరకే నిలబడండి. అది తనంతట తాను తలెత్తి మీ కళ్ళలోకి చూసిన క్షణంలోనే "భేష్" అని ముక్క అందించండి. కొన్నాళ్ళకు చూడడంలోనే లాభం ఉందని దానికి తెలిసిపోతుంది. అప్పుడు "చూడు" అనే మాట జతచేయండి. ఆ మాటను మరి దేనికీ వాడకండి.

ఇంట్లో అందరూ ముందు నేర్పేది "కూర్చో". రింగుకు వెళ్ళే పిల్ల ముక్క కనిపించగానే కూర్చుంటే పని చెడుతుంది. అందుచేత నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉన్నప్పుడే తినిపించండి. చెయ్యి మరీ పైకెత్తితే తల వెనక్కి పోయి నడుము కుంగుతుంది. ముక్కు దగ్గర పెడితే ఎగబడుతుంది. అప్పుడప్పుడు ముక్కను నాలుగడుగుల ముందుకు విసిరి చూడండి. చూపు, చెవులు, మెడ అన్నీ ఒకేసారి ముందుకు వస్తాయి. కీచుమనే బొమ్మ మంచిదే గాని రోజూ వాడితే పాతబడుతుంది.

వారానికి ఇద్దరు ముగ్గురు మిత్రులను ఇంటికి పిలవండి. ఒక్కొక్కరూ ముందు ఒక ముక్క పెట్టి, తరువాత గదుమ, రొమ్ము, భుజం మెల్లగా తాకాలి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్ళు ఊడతాయి, చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి. ఆ రోజుల్లో పళ్ళు చూడాలని బలవంతం చేస్తే ఆ భయం దానికి చాలాకాలం ఉండిపోతుంది.

ఒమాన్‌లో ఈ పనికి సంక్రాంతి చలికాలమే మేలు. వేసవిలో అయితే సూర్యోదయానికి ముందే ముగించాలి. అరచేతి వెనుకభాగం నేల మీద ఆనించి ఏడు లెక్కపెట్టలేకపోతే ఆ నేల మీద కుక్కపిల్లను నడిపించకూడదు. ఇంట్లో నేర్పేటప్పుడు జారే టైల్స్ మీద చాప పరచండి. పండుగనాడు ముద్దొస్తోందని లడ్డూ పెట్టకండి. అందులోని కిస్‌మిస్ కుక్కకు విషం. చాక్లెట్టు, ఉల్లి, వెల్లుల్లి కూడా అంతే.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: పిల్లకు ఇంకా ఆడాలని ఉండగానే ఆట ఆపేయండి. రేపు అదే పరుగెత్తుకొస్తుంది. విసుగెత్తేదాకా నిలబెడితే ఒళ్ళు నిలబడుతుందే గాని కళ్ళు వెలగవు. రింగులో కూడా జడ్జి వేరే కుక్కను చూస్తున్నంతసేపు దానికి విశ్రాంతినివ్వాలి. అరగంటసేపు ఏకధాటిగా చురుకుగా ఉండడం మనుషులకే సాధ్యం కాదు! మీ చేతిలో గొలుసు బిగిసిందంటే మీ కంగారు దాని మెడకు చేరినట్టే.

కప్పు వచ్చినా రాకపోయినా సాయంత్రానికి అది మీ ఇంటికే వస్తుంది, పదీ పన్నెండేళ్ళు మీతోనే ఉంటుంది. జడ్జి చూసేది రెండు నిమిషాలు, మిగిలిన జీవితమంతా అది చూసేది మిమ్మల్ని. ఆ చూపులో భయం లేకుండా పెంచగలిగితే బహుమతి అప్పుడే వచ్చినట్టు. వేదిక మీదకు మన పిల్లలను పంపేటప్పుడు కూడా ఈ మాట కాస్త గుర్తుంచుకుంటే మంచిదేమో, ఆలోచించండి.

సభ్యులందరికీ, వారి ఇళ్ళలోని నోరులేని నేస్తాలకూ సంక్రాంతి శుభాకాంక్షలు.