దరువు ఒకటి, గొంతులు రెండు

చంద్రగిరి నుంచి ఒక కుర్రాడు రాశాడు. బెంగుళూరులో ఉన్న స్నేహితుడితో కలిసి ర్యాప్ పాట కడుతున్నాట్ట. “వాడు ఇంగ్లీషులో దంచుతాడు సార్. నా చరణం మా వూరి మాటలో ఉంటే నవ్వుతారేమో?” అని సందేహం. నేనూ ఆ వూరి నీళ్ళు తాగినవాణ్ణే కాబట్టి ఈ వారం పేజీ అతనిదే.

అబ్బాయీ, 2017లో వచ్చిన ‘సిటీ స్లమ్స్’ విన్నావా? పాడింది రాజా కుమారి. అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో పుట్టిన తెలుగమ్మాయి. తోడు బొంబాయి కుర్రాడు డివైన్. ఆమెది అమెరికా ఇంగ్లీషు, అతనిది బొంబాయి వీధి హిందీ. ఎవరి మాట వారిదే. ఇద్దర్నీ కలిపింది దరువు.

పూర్వం మద్రాసు స్టూడియోల్లో గాయకులూ, వాద్యబృందమూ ఒక్కచోట చేరితేనే పాట. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదట్నించీ! ర్యాప్‌కి ఆ బాధ లేదు. నాలుగు దెబ్బల దరువొకటి తయారుచేసి తిప్పుతూ ఉంటారు. దానిమీద ఎవరి చరణం వాళ్ళు, ఏ వూళ్ళో ఉన్నా, రికార్డు చేసి పంపొచ్చు. తర్వాత అతుకుతారు. అందుకే చాలా పాటలు అతుకుల బొంతలు. రెండో గొంతు మొదటిదాన్ని వినలేదని ఇట్టే తెలిసిపోతుంది.

‘సిటీ స్లమ్స్’లో ఆ దోషం లేదు. రాజా కుమారి కూచిపూడి, భరతనాట్యం నేర్చిన పిల్ల. ఆమె ఇంగ్లీషులో నాకు జతులే వినబడతాయి. మాట అర్థంకోసం కాక అడుగుకోసం విరుగుతుంది. డివైన్ ప్రతి మాటనూ నేలమీద దించినట్టు పలుకుతాడు. నా ఫిర్యాదల్లా ఒకటే. మన పిల్ల నోట మన తాళం ఉంది, మన మాటే నా చెవికి చిక్కలేదు.

మనవైపు చెక్కభజన చూసే ఉంటావు. గురువు ఎత్తుకుంటాడు, చుట్టూ వాళ్ళు అందుకుంటారు. “పక్కనోడు కాలెత్తేదానికి సందు ఇడవల్లబ్బా” అనేవాడు మా చిన్నప్పటి గురువు. కలిసి కట్టే ర్యాప్‌కి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు.

కాబట్టి నీ స్నేహితుడి చరణం ముందు తెప్పించుకో. అది విన్నాకే నీది రాయి. “యాడికి”ని “ఎక్కడికి” చెయ్యకు. నాలుగు మాత్రల మాట ఐదవుతుంది, దరువులోంచి కాలు బయటికొస్తుంది! నవ్వుతారంటావా? డివైన్, నేజీ కలిసి వీధి భాషలో కట్టిన 2015 నాటి ‘మేరే గల్లీ మే’ని 2019లో వచ్చిన ‘గల్లీ బాయ్’ సినిమావాళ్ళే వెదుక్కుంటూ వచ్చి తీసుకున్నారు.

పాట అయ్యాక నాకూ పంపు. బాగుండకపోతే ఇక్కడే రాస్తాను మరి!