సంతకం నాన్నది, తప్పు అమ్మదా?

నాలుగేళ్ళ మా పాపకు టాన్సిల్స్ ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. నన్ను మాత్రం తలుపు బయటే కూర్చోబెట్టారు. కాసేపటికి లోపల్నుంచి కేకలు. బతిమాలుకుని వెళ్ళి చూస్తే, పాప కాళ్ళు తపతపా కొట్టుకుంటోంది. పిలిస్తే నన్ను గుర్తుపట్టలేదు. సెలైన్ సూది పీకేస్తోందని చేతులు మంచానికి కట్టేశారు. "గారాబం చేస్తే ఇంతేనమ్మా" అంది ఆయా. ఇంటికొచ్చాక మా అత్తగారు దిష్టి తీశారు. అంగీకార పత్రం మీద సంతకం పాప నాన్నది. తప్పు మాత్రం నాదయింది!

అది గారాబమూ కాదు, గాలి సోకడమూ కాదని తర్వాత ఒక మత్తు డాక్టరు చెప్పింది. మెదడు మత్తు నుంచి పూర్తిగా తేరుకోకముందే లేచిన పసిపిల్లల్లో వచ్చే కలవరం అది. బడి ఈడు రాని పిల్లల్లో, సెవోఫ్లురేన్ లాంటి పీల్చే మత్తు ఇచ్చినప్పుడు, గొంతు, చెవి ఆపరేషన్లలో ఎక్కువ. చాలామందిలో అరగంటలోపే తగ్గుతుంది. కానీ ఈలోపు పిల్ల మంచం మీంచి పడొచ్చు, గాయం రేగొచ్చు. దీన్ని గుర్తించే కొలమానం 2004 నుంచే ఉంది: పిల్ల మన కళ్ళలోకి చూస్తోందా, చుట్టూ ఏముందో తెలుస్తోందా, ఊరడిస్తే ఊరుకుంటోందా అని చూస్తారు.

నివారణా ఉంది. లేవకముందే నొప్పికి మందివ్వడం, ఆపరేషన్ చివర్లో ప్రొపోఫాల్ గానీ డెక్స్‌మెడిటోమిడిన్ గానీ వాడడం, మత్తు మాస్కును ముందురోజే ఆటవస్తువులా చూపించి భయం పోగొట్టడం. ఇవేవీ డాక్టర్లకు తెలియనివి కావు.

అమ్మ పక్కనుంటే చాలు, ఇది రాదని నేననను. కానీ కళ్ళు తెరిచేసరికి తెలిసిన ముఖం కనబడడం పిల్ల హక్కు. ఆసుపత్రిలో పిల్లల దగ్గర తల్లిదండ్రులు ఎల్లవేళలా ఉండాలని యూరప్‌లోని పిల్లల సంఘాలు 1988లోనే లైడెన్‌లో ప్రకటించాయి. మన జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తెచ్చిన రోగుల హక్కుల పత్రంలో మొట్టమొదటిది సమాచార హక్కు. నాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదే!

అందుకే సంతకానికి ముందే అడుగుదాం: ఏ మత్తు ఇస్తారు? లేచేటప్పుడు కలవరం రాకుండా ఏం చేస్తారు? మమ్మల్ని ఎప్పుడు లోపలికి రానిస్తారు? జవాబు చెప్పడం వాళ్ళ దయ కాదు, బాధ్యత.