అద్దెకివ్వరాని భూమి, అద్దెలు పండే నగరం

ఫ్యూచర్ సిటీపై చర్చ ఎన్ని కంపెనీలు వస్తాయి, ఎన్ని ఉద్యోగాలు వస్తాయి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. ఆ కంపెనీలు నెలనెలా కట్టే అద్దె ఎవరి ఖాతాలో పడుతుందన్నది మూడో ప్రశ్న. దాన్ని అధికార పక్షమూ అడగడం లేదు, ప్రతిపక్షమూ అడగడం లేదు. 2025 మార్చిలో ఏర్పడిన ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో ఏడు మండలాలకు చెందిన 56 రెవెన్యూ గ్రామాలున్నాయి. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల గ్రామాలూ అందులో ఉన్నాయి. మాదిగ, మాల వాడలకూ లంబాడా తండాలకూ అసైన్‌మెంటు కింద దక్కిన భూములు ఈ ప్రాంతంలో విస్తారంగా ఉన్నాయి. అందుకే అద్దె ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ కుల ప్రశ్న కూడా.

సేవారంగ కంపెనీ నడక కర్మాగారం నడక లాంటిది కాదు. కర్మాగారానికి సొంత భూమి కావాలి, యంత్రాలు దిగాక అది కదలదు. సాఫ్ట్‌వేర్ సంస్థ, బ్యాంకు వెనుక కార్యాలయం, విదేశీ కంపెనీల గ్లోబల్ సెంటర్ వంటివి ఎక్కువగా లీజు మీద బతుకుతాయి. కంపెనీ అయిదేళ్లకో తొమ్మిదేళ్లకో ఒప్పందం రాసుకుంటుంది, కొన్నేళ్లకోసారి అద్దె పెంచుతుంది, గిట్టకపోతే అంతస్తు ఖాళీ చేసి వెళ్లిపోతుంది. ఎక్కడ దిగాలన్నది కూడా స్వేచ్ఛా మార్కెట్ ఒక్కటే తేల్చలేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్‌కు గిరాకీ తెచ్చిపెట్టింది ప్రభుత్వమే. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పన్ను రాయితీ 2011 మార్చితో ముగిశాక సెజ్ భవనాలకు గిరాకీ పెరిగింది. పడమటి వైపు రద్దీ మితిమీరిందని 2020లో తెలంగాణ ప్రభుత్వం ఐటీని ఇతర దిక్కులకు విస్తరించే గ్రిడ్ విధానం తెచ్చింది. అయినా కంపెనీ సాటి కంపెనీ ఉన్న చోటే చేరుతుంది, ఉద్యోగి దొరికే చోటే దిగుతుంది. ఆ అద్దె ఇప్పుడు షేర్ మార్కెట్ సరుకు కూడా అయింది. 2020 ఆగస్టులో మైండ్‌స్పేస్ రీట్ లిస్టయ్యాక మాదాపూర్ భవనాల అద్దెలో వాటాను ముంబయిలో కూర్చుని కొనుక్కోవచ్చు.

ఆదిభట్ల అనుభవం చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన టాటా కన్సల్టెన్సీ ప్రాంగణం వచ్చింది, పక్కనే విమాన భాగాలు తయారుచేసే సెజ్ వచ్చింది. దగ్గరలోని కొంగర కలాన్‌కు జిల్లా కలెక్టరేట్ వచ్చింది. ఈ పేర్లు చెప్పి వెంచర్ల వాళ్లు సాగర్ రోడ్డు పొడవునా గజాల లెక్కన ప్లాట్లు అమ్మారు. కానీ మాదాపూర్‌లో లాగా అద్దె అంతస్తుల వరుస లేవలేదు. కారణం సులువే. సొంత ప్రాంగణంలో ఉన్న కంపెనీ బయట కార్యాలయ స్థలం అడగదు. క్యాంటీనూ బస్సూ ప్రహరీ లోపలే పెట్టుకుంటుంది. గేటు బయటికి వచ్చే గిరాకీ హాస్టల్, టిఫిన్ సెంటర్, మెడికల్ షాపు, బ్యాంకు శాఖ, ఏటీఎం గది వరకే. 2020 మార్చి తర్వాత ఉద్యోగులు ఇళ్లనుంచి పనిచేసిన నెలల్లో ఇలాంటి వ్యాపారం ఎంత బలహీనమైందో నగరం నాలుగు దిక్కులా కనిపించింది. అయినప్పటికీ రోడ్డు ముఖాన రెండు మడిగలున్న కుటుంబానికి నెలనెలా అద్దె వస్తుంది. ఆ అద్దెతో బిడ్డ చదువుతుంది. రెండో తరం ఆ ప్రాంగణంలోకి ఉద్యోగిగా వెళ్లే అవకాశమూ అందులోంచే పుడుతుంది. ఆ మడిగలు కట్టగలిగేది ఎవరు?

దీనికి జవాబు 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టంలో ఉంది. ఎమర్జెన్సీ రోజుల్లో మంచి ఉద్దేశంతోనే వచ్చిన చట్టం అది. పేదవాడికిచ్చిన భూమిని పెద్దరైతు అప్పు కింద జమకట్టుకోకుండా ఆపాలని దాని ఆలోచన. అందులో ‘బదిలీ’ అన్న మాటకిచ్చిన నిర్వచనాన్ని విద్యార్థులు ఒకసారి చదవాలి. అమ్మకం, దానం, మారకం, తాకట్టు, ఆ వరుసలోనే లీజు. అంటే లావణి పట్టా ఉన్న మాదిగ రైతు తన ఎకరాన్ని కంపెనీకి అమ్మకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. ఇస్తే కలెక్టర్ ఆ భూమిని స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయం మీద బతికే ఊళ్లో ఆ నిషేధం రక్షణే. కానీ ఊరి ఆదాయమంతా లీజు రూపంలోకి మారినప్పుడు అదే నిషేధం గోడ అవుతుంది. ప్రభుత్వం ఆ ఎకరాన్ని వెనక్కి తీసుకుని పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు అప్పగించిన మరుక్షణం అది అమ్మదగ్గ, లీజుకివ్వదగ్గ ఆస్తి అవుతుంది. నేల మారలేదు. చేయి మారింది, అంతే.

పేదలకు పంచినవి చాలాచోట్ల గుట్టలు, బోళ్లు, ఊరికి దూరపు చెలకలు. ఆనాడు ఎవరికీ అక్కర్లేని నేల అది. ఈనాడు పారిశ్రామిక సంస్థలకు కావలసింది సరిగ్గా అదే. ఒకే చోట వందల ఎకరాలు కలిసి ఉండాలి, కాగితం మీద ప్రభుత్వ భూమి అయి ఉండాలి, అడ్డుచెప్పే హక్కుదారు బలహీనుడై ఉండాలి. అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ వివాదం చేవెళ్ల డివిజన్ నుంచి, అంటే మన రంగారెడ్డి జిల్లా నుంచే వెళ్లింది. ఆ తీర్పు విలువ తక్కువేమీ కాదు. కానీ సమాన పరిహారం వేరు, సమాన భాగస్వామ్యం వేరు. పరిహారం ఒక్కసారి వస్తుంది, అప్పులూ పెళ్లిళ్లూ తీరేసరికి అయిపోతుంది. అద్దె ప్రతి నెలా వస్తుంది.

2013 భూసేకరణ చట్టం ఈ తేడాను కొంత గుర్తించింది. సేకరించిన భూమిని ఏ అభివృద్ధీ చేయకుండా అయిదేళ్లలోపు లాభానికి మరొకరికి బదిలీ చేస్తే, పెరిగిన విలువలో 40 శాతం మొదటి యజమానులకు పంచాలని 102వ సెక్షన్ చెబుతుంది. సేకరణ లక్ష్యాన్ని ఇష్టానుసారం మార్చరాదని 99వ సెక్షన్ అంటుంది. ఫార్మా సిటీ పేరుతో మేడిపల్లి, నానక్‌నగర్, తాటిపర్తి, కుర్మిద్ద రైతుల భూములపై మొదలైన వ్యవహారం ఫ్యూచర్ సిటీ ప్రకటనలతో మలుపు తిరిగింది కనుక ఈ సెక్షన్లు ఇక్కడ పుస్తకాల్లో సంగతులు కావు. అయితే కన్నాలూ ఉన్నాయి. 102వ సెక్షన్ యాజమాన్య బదిలీ గురించి మాట్లాడుతుంది, దీర్ఘకాలిక లీజు దాని మాటల్లోంచి జారిపోతుంది. అసైన్డ్ భూమిని ‘సేకరించాం’ అనకుండా ‘వెనక్కి తీసుకున్నాం’ అంటే వాదన మరింత చిక్కుబడుతుంది.

పక్క అనుభవాలు రెండు చాలు. అమరావతి భూసమీకరణకు 2015 జనవరిలో వచ్చిన నిబంధనల్లో మెట్ట పట్టా ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 200 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. అదే మెట్ట అసైన్డ్ ఎకరానికి 800, 100. నివాస స్థలంలో కోత అయిదోవంతు, వాణిజ్య స్థలంలో సగం. దళితుడికి ఇల్లు కొంచెం తగ్గినా ఫరవాలేదు, దుకాణం మాత్రం సగానికి మించరాదన్న తర్కం ఆ పట్టికలో అంకెల రూపంలో కనిపిస్తుంది. రెండోది పుణె దగ్గరి మగర్‌పట్టా. అక్కడ సుమారు 120 రైతు కుటుంబాలు 400కు పైగా ఎకరాలు కలిపి తామే కంపెనీ పెట్టుకుని, ఐటీ సంస్థలకు భవనాలు లీజుకిచ్చి అద్దెదారులకు యజమానులయ్యారు. ఆ నమూనాను మెచ్చుకునేవారు ఒక సంగతి చెప్పరు. వారిలో అత్యధికులు మగర్ వంశానికి చెందిన మరాఠా రైతులు, వారి చేతిలో అమ్మకానికీ లీజుకూ పనికొచ్చే నిఖార్సయిన పట్టాలున్నాయి.

అయితే నిషేధం ఎత్తేస్తే సరిపోదా అంటారు కొందరు. ఆంధ్రప్రదేశ్ 2023లో ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై హక్కులిస్తూ చట్టాన్ని సవరించింది. ఈ మార్గం మీద నాకు అనుమానం ఉంది. రోడ్డు గీత గీసే ముందే ఆ గీత తెలిసినవాళ్లు డబ్బు సంచులతో ఊళ్లో తిరుగుతున్నప్పుడు ఇచ్చే అమ్మకపు హక్కు, అమ్మక తప్పని స్థితే అవుతుంది. అమ్మకంపై నిషేధం ఉంచి, అసైనీల ఉమ్మడి సంఘం ద్వారా లీజుకు మాత్రం అనుమతించడం మేలు. భూమి ఇప్పటికే పోయిన కుటుంబాలకు వాణిజ్య స్థలంలో వాటా ఇవ్వాలి. ఉద్యోగాలు వస్తాయి కదా అనేవారు ఒకటి గమనించాలి. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు. భూమిచ్చిన ఊరి ఆడపిల్ల ఆ భవనంలోకి అడుగుపెట్టే దారి ఎక్కువగా హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు గుండానే ఉంది.

ఇది చట్టసభలో గట్టిగా వినిపించాల్సిన మాట. ఇబ్రహీంపట్నం ఒకప్పుడు ఎస్సీ రిజర్వుడు స్థానం. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 నుంచి జనరల్ అయింది. అప్పటి నుంచి జరిగిన నాలుగు సాధారణ ఎన్నికల్లోనూ పార్టీలు మారినా గెలిచింది రెడ్డి సామాజిక వర్గ అభ్యర్థులే. కుల సర్వే లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. ఫ్యూచర్ సిటీలో వాణిజ్య భూముల కేటాయింపు నిబంధనలు ఈ వాటాలను చూస్తాయా, లేక వేలం పాటలో పాడుకోగలిగినవాడి జేబునే చూస్తాయా? ఆ నిబంధనల ముసాయిదా తెలుగులో ముద్రించి, 56 గ్రామాల్లోనూ గ్రామసభల ముందు పెట్టి, అభ్యంతరాలకు గడువిచ్చాకే తొలి లీజు మీద సంతకం జరగాలి.