ఆకాశపటమును గ్రామసభకు తెండు

మోపిదేవినుండి సముద్రముదాక గల దివిసీమ నేల కృష్ణవేణి మోసుకొని వచ్చిన ఒండ్రుమట్టియే. నది పెట్టిన నేలను నదియే పోషింపవలెను. 1855లో బెజవాడ ఆనకట్ట, 1957లో ప్రకాశము బ్యారేజి, 1967లో నాగార్జునసాగరము, పిదప శ్రీశైలము వెలసినవి. పంటలు పండినవి, మేము కాదనము. కాని ఒండ్రు జలాశయములలో చిక్కుకొనుటచే తీరమునకు చేరునది తగ్గినది. సముద్రము మాత్రము తన పని మానలేదు.

గట్టు కోసుకొనిపోవుట పల్లెకారులకు తెలియును. వారి మాట దస్త్రమున కెక్కదు, ఉపగ్రహచిత్ర మెక్కును. 1972నుండి అమెరికావారి లాండ్‌శాట్‌లును, 1988 మార్చి 17న ఎగసిన ఐ.ఆర్‌.ఎస్‌.-1ఎ మొదలు మన ఉపగ్రహములును ఈ నేలను చూచుచునే యున్నవి. పచ్చని ఆకు కంటికి కానరాని పరారుణకిరణములను మిక్కిలిగా త్రిప్పికొట్టును; నీరు వానిని మ్రింగివేయును. కావున రంగులు మార్చి వ్రాసిన పటములో మడఅడవి ఎఱ్ఱగాను, రొయ్యలచెరువు నల్లని గడిగాను అగపడును. ఇరువది యేండ్ల యెడముగల రెండు పటములు ప్రక్కప్రక్కన నుంచిన, ఏ మడ ఏ చెరువైనదో బాలురును చెప్పగలరు.

మేము న్యాయస్థానములలో తిరుగువారము గనుక ఒక మాట. ఇట్టి చిత్రము ఎలక్ట్రానిక్ రికార్డు. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షనుచొప్పున ధ్రువపత్రముతో దాఖలు చేయవలెను. అది లేక వచ్చి, మంచి వ్యాజ్యమును చెడగొట్టుకొనరాదు. మఱియు, చెరువు ఎచట నున్నదో చిత్రము చెప్పునేగాని ఎవరిదో చెప్పదు. 2006లో కొల్లేట గట్లు తెగగొట్టిననాడు, పట్టణముననుండి పెట్టుబడి పెట్టిన ధనికుని చెరువును లంకలోని పేదవాని చెరువును పైనుండి ఒక్కతీరుగనే కనబడెను గదా! నూతినీటి ఉప్పదనమును చిత్ర మెఱుగదు. చేదుకొను ఇల్లా లెఱుగును.

మబ్బు పట్టిన దినములలో సాధారణచిత్రములు పనికిరావు. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను మఱవని సీమ యిది. మబ్బులనుండి చొచ్చుకొనిపోవు రాడారుతో నైసారు 2025 జూలై 30న శ్రీహరికోటనుండి, మన తీరమునుండియే, లేచినది. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారి భువన్ 2009నుండి ప్రజలకు తెఱచియేయున్నది. లాండ్‌శాట్ చిత్రములకు 2008నుండి వెల లేదు.

ఇంక అడ్డమేమి? మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలముల పంచాయతీలు ఏటేట తీరముయొక్కయు మడయొక్కయు పటమును, సర్వేనంబరులు తెలుగున వ్రాయించి, గ్రామసభలో గోడకు తగిలింపవలెను. ప్రక్కన పల్లెకారుల వాఙ్మూలమును వ్రాసికొనవలెను. తప్పున్నచో సభలోనే దిద్దవలెను. ఖర్చు కాగితముది, సిరాది. మోపిదేవి పంచాయతీవారు రానున్న గ్రామసభకే దీనిని కార్యక్రమమున చేర్తురని కోరుచున్నాము.